హిస్టారికల్ సోషియాలజిస్టు పని ఏమిటి, దాంతో బతకొచ్చా?

కావలి నుంచి ఎం.ఏ. సోషియాలజీ రెండో ఏడాది చదువుతున్న అమ్మాయి అడిగిన ప్రశ్నకి ఇది జవాబు. ఆమె అడిగింది క్లుప్తంగా ఇది: "నాకు చరిత్రా ఇష్టమే, సోషియాలజీ కూడా ఇష్టమే. హిస్టారికల్ సోషియాలజీ అని ఒకటుందని క్లాసులో ఒక్క పేరాలో చెప్పి వదిలేశారు. అది నిజంగా ఒక వృత్తేనా? రోజూ ఏం చేస్తారు? డిగ్రీ దాకా తెలుగు మీడియం, పీహెచ్‌డీ చెయ్యగలనా? ఇంట్లో బీఎడ్ చెయ్యమంటున్నారు. మా అమ్మమ్మది వింజమూరు వైపు, సారా ఉద్యమంలో తిరిగిందట, అలాంటి విషయం మీద పరిశోధన చెయ్యొచ్చా?"

అమ్మా, నువ్వు అనే రాస్తున్నాను, మా పెద్దమ్మాయి ఈడు పిల్లవి, ఏమీ అనుకోవద్దు. నాది కందుకూరు పక్కన పల్లె. ఈ చదువే చదివి, ఈ పాఠాలే చెప్పి ఈమధ్యనే రిటైరయ్యాను. అవును, ఇది నిజమైన వృత్తే, తెలుగు మీడియం పిల్లలు చెయ్యగలిగిందే, కాకపోతే కుదురుకోవడానికి పదేళ్లు పడుతుంది. ఆ పదేళ్లూ ఏం చేస్తామో తెలిస్తే నీకు సరిపడుతుందో లేదో నువ్వే తేల్చుకుంటావు, అందుకే వివరంగా రాస్తున్నా.

మా ఊరి సంగతితోనే మొదలుపెడతా. మా తాత పొలం దస్తావేజులో నెల్లూరు జిల్లా అని ఉంటుంది. నా టెన్త్ సర్టిఫికెట్లో ప్రకాశం జిల్లా. 2022 తర్వాత ఆధార్ మార్పించుకుంటే మళ్లీ నెల్లూరు జిల్లా. మా ఇల్లు మాత్రం ఉన్నచోటే ఉంది. 1970 ఫిబ్రవరిలో నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల నుంచి తలా కొంత తీసి ఒంగోలు జిల్లా చేశారు, 1972లో దానికి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు, 2022 ఏప్రిల్లో కందుకూరుని తిరిగి నెల్లూరులో కలిపారు. అంతకు చాలా ముందు, 1904లో గుంటూరు జిల్లా కొత్తగా ఏర్పాటు చేసినప్పుడు, ఒంగోలు తాలూకాని నెల్లూరు నుంచి తీసి అందులో కలిపారు. ఈ సంగతి తెలియకుండా 1901 జనాభా లెక్కల్లోని నెల్లూరు జిల్లానీ 1911 లెక్కల్లోని నెల్లూరు జిల్లానీ పక్కపక్కన పెడితే జనం ఎటో వెళ్లిపోయినట్టు కనపడుతుంది. నా దగ్గర చదివిన ఒక పిల్లవాడు థీసిస్ చిత్తుప్రతిలో దానికి రోగాలనీ వలసలనీ రెండు పేజీల కారణాలు రాసుకొచ్చాడు. తెలివైన పిల్లవాడే, కష్టపడ్డాడు, కాకపోతే జిల్లా అనే మాట కింద ఉన్న నేల మారిందని గమనించలేదు. మా పని ఇక్కడే మొదలవుతుంది. మాట ఒకటే ఉంటుంది, దాని కింద ఉన్నది మారిపోతుంది, అది పట్టుకోవాలి. జిల్లా, కులం, రైతు, కూలీ, పుట్టి, అన్నీ అంతే. నెల్లూరులో పుట్టి ధాన్యం అంటే 850 కిలోలు, అదే లెక్కతో ఇంకో జిల్లా పాత కాగితం చదివితే దిగుబడి మొత్తం తారుమారవుతుంది.

చరిత్రకీ దీనికీ తేడా ఏమిటని చాలామంది అడుగుతారు. నాకు అర్థమైనంతలో చెప్తా. చరిత్రకారుడు ఒక సంఘటనని దాని నిండుదనంతో చెప్పాలనుకుంటాడు. సోషియాలజిస్టు సాధారణంగా ఇప్పుడున్న సమాజాన్ని చూస్తాడు. మేము మాత్రం ఒక్క ప్రశ్న పట్టుకుని ఏళ్లకేళ్లు కూర్చుంటాం: ఇది ఇక్కడే ఎందుకు జరిగింది, పక్క ఊళ్లో ఎందుకు జరగలేదు, అప్పుడే ఎందుకు జరిగింది, పదేళ్ల ముందు ఎందుకు జరగలేదు. జరగనిచోటుని కూడా జరిగినచోటుతో సమానంగా పరిశీలించాలి. ఈ రెండో మాటే మా వృత్తికి ప్రాణం, మిగతా సిద్ధాంతాలన్నీ నిదానంగా నేర్చుకోవచ్చు.

మీ అమ్మమ్మ ఉద్యమమే తీసుకో. 1992లో కలిగిరి దగ్గర దూబగుంటలో ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు, అక్కడి నుంచి మంట జిల్లా అంతా పాకింది, వాళ్లలో ముందు నిలిచిన రోశమ్మ గారి పేరు రాష్ట్రమంతా తెలిసింది, కలెక్టరాఫీసు దగ్గర సారా వేలంపాటలు ఆపించారు, చివరికి 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాన్ని ఎత్తేశారు. ఇది కథ, అందరికీ తెలిసిందే. ఎందుకు లేచారంటే మొగుళ్లు తాగొచ్చి కొడుతున్నారు, కూలి డబ్బులు కొట్టుకి పోతున్నాయి అంటారు. నిజమే. కానీ ఆ బాధ 1982లో లేదా? 1972లో లేదా? మహబూబ్‌నగర్‌లో లేదా, విజయనగరంలో లేదా? బాధ అన్నిచోట్లా, అన్ని కాలాల్లో ఉన్నప్పుడు ఒక చోట, ఒక ఏడు లేచిన ఉద్యమానికి ఆ బాధ ఒక్కటే కారణం ఎలా అవుతుంది? ఇక్కడ చాలామంది విద్యార్థులు ఆగిపోతారు. ఆగకూడదు. ఇక్కడి నుంచే పరిశోధన.

అప్పుడు వెతకడం మొదలుపెడతాం. 1980ల్లో ప్రభుత్వమే వారుణి వాహిని పేరుతో సారాని ప్యాకెట్లలో సరఫరా చేసింది, దాంతో సారా కొట్టుకి పోయి తాగొచ్చే వస్తువు కాస్తా ఇంటి వాకిట్లోకి, పొలం గట్టు మీదకి వచ్చేసింది. ఆ తర్వాత అక్షరాస్యత ఉద్యమం. నెల్లూరు జిల్లాలో అక్షర దీపం పేరుతో రాత్రి బడులు పెట్టారు, కూలికెళ్లి వచ్చిన ఆడవాళ్లు దీపాల వెలుగులో పలకలు పట్టుకుని కూర్చున్నారు. వాచకాల్లో తాగుడు గురించి పాఠాలున్నాయి, దూబగుంట ఆడవాళ్ల సంగతి కూడా తర్వాత పాఠంగా వచ్చింది. అంటే ఒక ఊళ్లో జరిగింది ఇంకో ఊరికి చదువు ద్వారా చేరింది. అంతకన్నా ముఖ్యమని నాకు అనిపించేది ఇంకొకటుంది: వేరే వేరే ఇళ్ల ఆడవాళ్లు రోజూ ఒకే వేళకి ఒకే చోట కూర్చోవడం. గుడి దగ్గర, బావి దగ్గర కలిసేవాళ్లే కదా అంటే, అక్కడ కులం కులంగా కలిసేవాళ్లు.

సరే, బడులు కారణం అందామా? అయితే బడి నడిచి కూడా ఏమీ జరగని ఊరు ఒకటి చూపించగలను, మా బంధువుల ఊరే. అక్కడ సారా కొట్టు వేలంలో పాడినవాడు ఊరి పెద్దరైతు తమ్ముడు, కూలీలందరూ ఆ పెద్దరైతు పొలాల్లోనే పని చేసేవాళ్లు. ఆడవాళ్లకి చదువూ వచ్చింది, కోపమూ ఉంది, మర్నాడు పనికి పిలుస్తారో లేదో అన్న టెన్షనూ ఉంది. చూశావా, ఒక్క జరగని ఊరు పక్కన పెట్టేసరికి కూలి సంబంధాలు అనే మూడో సంగతి బయటపడింది. నీ పీహెచ్‌డీ మొత్తం ఇలాంటి నాలుగైదు ఊళ్ల మీద నిలబడొచ్చు.

ఇదేమీ నేను కనిపెట్టిన పద్ధతి కాదు. అమెరికాలో చార్ల్స్ టిల్లీ అనే ఆయన 1793లో ఫ్రెంచి విప్లవానికి వ్యతిరేకంగా వాందే ప్రాంతంలో రైతులు తిరగబడిన సంగతి మీద 1958లో పీహెచ్‌డీ చేశాడు. అప్పటిదాకా అందరూ రాజభక్తి, మతభక్తి అని రాసుకుంటూ వచ్చారు. టిల్లీ ఏం చేశాడంటే పక్కపక్కనే ఉన్న రెండు ప్రాంతాలు తీసుకున్నాడు, తిరగబడిన మోజ్, తిరగబడని సోమ్యూర్ లోయ. రెండు చోట్లా ఎవరు ఏం అమ్ముతున్నారు, ఎవరు పట్నంతో బేరాలు చేస్తున్నారు, చర్చి ఫాదరు మాట ఎంత చెల్లుతోంది, ఇవన్నీ వాడవాడనా లెక్క తీశాడు. పట్నంతో, సంతతో ఎన్నాళ్ల నుంచో కలిసిపోయిన చోట విప్లవాన్ని ఒప్పుకున్నారు, అలా కలవని చోట అది పైనుంచి వచ్చి పడినట్టైంది. నేను ఇది మొదటిసారి చదివినప్పుడు నాకు మన పెన్నా డెల్టా, మన మెట్ట కళ్లముందు కనపడ్డాయి. నెల్లూరు ఆనకట్ట 1850ల్లో వచ్చింది, సంగం ఆనకట్ట 1880ల్లో వచ్చింది. నీళ్లు పారిన కోవూరు ఒక లోకం, నీళ్లు ఎక్కని ఉదయగిరి ఇంకో లోకం, మధ్య దూరం బస్సులో మూడు గంటలు లేదు. దేవుడు మనకి పరిశోధన కోసమే గీత గీసి ఇచ్చినట్టుంటుంది.

ఇంకా పెద్ద ఎత్తున చేసినవాళ్లూ ఉన్నారు. థెడా స్కాచ్‌పోల్ 1979లో ఫ్రాన్సు, రష్యా, చైనా విప్లవాలు మూడింటినీ పక్కన పెట్టి చూసి, జనం కోపం మాత్రమే చాలదు, బయటి ఒత్తిడికి రాజ్యం లోపల నుంచి కుప్పకూలాలి, అదే వేళకి పల్లెల్లో రైతులు లేవగలగాలి అని వాదించింది. మన దేశంలో డి.ఎన్. ధనాగరే తెలంగాణ పోరాటాన్ని మలబారు మోప్లాల తిరుగుబాటుతో, బెంగాల్ కౌలురైతుల తెభాగా ఉద్యమంతో కలిపి పరిశీలించాడు. వీటిని చదువు, కానీ ముందు నీ ప్రశ్న నీ చేతిలో ఉన్నాక చదువు. లేకపోతే వాళ్ల చొక్కా తెచ్చి మన ఊరికి తొడిగే పనిలో పడతావు. మన యూనివర్సిటీల్లో సగం థీసిస్‌లు అలాగే పాడవుతున్నాయని నా గట్టి అభిప్రాయం.

ఇక రోజువారీ పని. చాలా భాగం కాగితాలు చదవడమే, అదీ ఎవరు, ఎవరి కోసం, ఎందుకు రాశారో అడుగుతూ చదవడం. నెల్లూరు మీద బాస్వెల్ దొర 1873లో వేసిన జిల్లా మాన్యువల్ ఉంది, బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి కలిసి 1905లో మూడు సంపుటాలుగా వేసిన నెల్లూరు శాసనాలున్నాయి, రెవెన్యూ బోర్డు కాగితాలు, జనాభా లెక్కలు, మెకంజీ దొర రాయించిన ఊళ్ల చరిత్రలు (కైఫియతులు), మిషన్ వాళ్ల ఉత్తరాలు, నెల్లూరు పత్రిక జమీన్ రైతు పాత సంచికలు ఉన్నాయి. 1953 దాకా మనం మద్రాసులోనే ఉన్నాం కాబట్టి మన పాత కాగితం చాలావరకు చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో ఉంది, కొంత హైదరాబాదు తార్నాకలో. గైడు దగ్గర ఉత్తరం తీసుకుని పోవాలి, పెన్ను పక్కన పెట్టి పెన్సిల్‌తో రాసుకోవాలి, స్లిప్పు రాసిచ్చి ఎదురుచూడాలి, కొన్నిసార్లు రోజంతా చూసినా పనికొచ్చే వాక్యం ఒకటి దొరుకుతుంది. ఆ వాక్యం దొరికిన రోజు రాత్రి నిద్ర పట్టదు, సంతోషంతో.

నా పీహెచ్‌డీ అప్పటి ఒక రోజు చెప్తాను. 1984 జనవరిలో కరణాలనీ మునసబులనీ తీసేశారు. ఆ తర్వాత రెండు మూడేళ్లకి నేను ఫీల్డుకి వెళ్లాను. ఒక మాజీ కరణం గారింట్లో అటక మీద ఎర్రగుడ్డలో కట్టిన పాత నకళ్లు ఉన్నాయంటే, వాళ్లబ్బాయి నిచ్చెన వేసి దించాడు. అరుగు మీద విప్పితే చెదలు తిన్న అంచులు పొడిలా రాలాయి. పాత అడంగళ్లు, అంటే ఊరి పొలాలకి ఏటేటా రాసే లెక్కలు. పైన ఫసలీ సంవత్సరం (ఫసలీకి 590 కలుపుకోవాలి, ఫసలీ 1380 అంటే 1970 జులై నుంచి 1971 జూన్ దాకా), కింద సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు, అనుభవదారు, పైరు, చివర రిమార్కులు. గొలుసుకట్టు రాత, అక్షరం మీద అక్షరం ఎక్కి ఉంటుంది, మొదటి వారం పేజీకి పూట పట్టింది నాకు. పట్టాదారు గడిలో ఇరవై ఏళ్లూ అవే పేర్లు, ఊళ్లో ఏమీ మారలేదన్నట్టు. నేను అదే రాసుకుని లేవబోతున్నా. అప్పుడు రిమార్కుల గడిలో ఒక మాట పదేపదే కనపడింది: శివాయి జమా. అంటే సర్కారు భూమిని పట్టా లేకుండా దున్నినందుకు వేసిన జరిమానా. ఆ మాటకి ఎదురుగా ఉన్న పేర్లు చూస్తే అన్నీ మాలపల్లె, మాదిగపల్లె పేర్లు. ఏటేటా అదే బంజరు, ఏటేటా అదే జరిమానా, ఏటేటా వాళ్లే. పట్టాదారుల గడి చూస్తే వాళ్లకి ఊళ్లో భూమితో సంబంధమే లేదనిపిస్తుంది, రిమార్కుల గడి చూస్తే ఇరవై ఏళ్లు జరిమానా కట్టి మరీ దున్నారు. సర్కారు వాళ్లని తప్పు చేసినవాళ్లుగా రాసుకుంది కాబట్టే వాళ్ల సేద్యం మనకి కాగితం మీద మిగిలింది. ఆ సాయంత్రం నా థీసిస్ దారి మారిపోయింది. భూమి ఎవరి పేరున ఉంది అన్న ప్రశ్న వదిలేసి, భూమి కోసం ఎవరు ఎన్నాళ్లు పట్టు పట్టారు అన్న ప్రశ్న పట్టుకున్నాను.

ఇలాంటిదే ఇంకొక విషయం, ఇది పాత ఒంగోలు ప్రాంతానిది. 1876–78 కరువు, మన పెద్దలు ధాత కరువు అనేవాళ్లు. ఆ కరువు చివర్లో, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, అమెరికన్ బాప్టిస్టు మిషన్ క్లౌ దొర కాలంలో. కూడు కోసం మతం మారారని ఒకళ్లు, దైవకార్యమని ఒకళ్లు, ఇప్పటికీ వాదించుకుంటారు. నువ్వు ఈ రెండు వాదాలూ కాసేపు పక్కన పెట్టి తేదీలు చూడు. కరువులో ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకం కాంట్రాక్టు కొంతమేర తీసుకుని వేలమందికి కూలి ఇచ్చాడు. కూలి నడిచిన ఏడాదికి పైగా కాలం బాప్తిస్మాలు ఇవ్వనన్నాడు. తిండి కోసమే అయితే కూలి ఆగిపోయాక రాకూడదు, కానీ అప్పుడే వచ్చారు. ఇంకా వెనక్కి వెళ్తే, కరువుకి పదేళ్ల ముందే, కనిగిరి వైపు తోళ్ల వ్యాపారం చేసుకునే ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద 1866లో మతంలో చేరాడు, తన బేరాల దారుల్లో, చుట్టరికాల దారుల్లో ఊరూరా ఆ మాట చెప్పుకుంటూ తిరిగాడు. అంటే దారులు ముందే వేసి ఉన్నాయి. కరువు వచ్చి పాత వెట్టి సంబంధాలని, ఏడాదికింత గింజలు కొలిచే ఏర్పాటుని తెంచింది, కాలువ మీద చేతికి కూలి డబ్బు వచ్చింది, ఊరి పెద్దరైతు ముందు నిలబడనక్కర్లేని రోజులు కొన్ని దొరికాయి. దేని తర్వాత ఏది వచ్చింది అన్న వరసలోనే కారణం దాగి ఉంటుంది. తేదీల వరస తప్పితే సిద్ధాంతం ఎంత గొప్పదైనా కూలిపోతుంది. ఇంకో జాగ్రత్త కూడా ఉంది, మిషన్ ఉత్తరాలు అమెరికాలో చందాలిచ్చేవాళ్లు చదవడానికి రాసినవి. అబద్ధాలని కొట్టెయ్యకూడదు, అలాగని మొత్తం నమ్మకూడదు, ఆ కుటుంబాల్లో ఇప్పటికీ చెప్పుకునే మాటలతో, సర్కారు కరువు లెక్కలతో కలిపి చదవాలి.

మనుషులతో మాట్లాడటం గురించి. ముసలివాళ్లని ఏ సంవత్సరం అని అడిగితే రాదు. మెట్టలో ఒక ఊళ్లో ఒకామెని సారా కొట్టు ఎప్పుడు మూయించారమ్మా అని అడిగాను. "ఏ ఏడంటే ఏం చెప్పేది నాయనా, మా పెద్దపిల్ల రెండో పురిటికొచ్చిన ఏడు" అంది. ఆ పిల్ల మొదటి పురుడు ఎప్పుడని అడిగితే, "కావలి గాలివాన కొట్టిన నెల, ఇంటి మీద రేకు లేచిపోతే బడిలో పడుకోబెట్టినాం" అంది. ఆ గాలివాన 1989 నవంబరు. రెండో పిల్లకీ మొదటి పిల్లకీ మూడేళ్లు తేడా అంది. లెక్క సరిగ్గా 1992కి వచ్చింది. మన ఊళ్లలో గాలివానలు, కరువులు, పురుళ్లు, చావులు, ఇవే క్యాలెండరు. ఢిల్లీ నుంచో లండన్ నుంచో వచ్చిన పండితుడికి ఇది పట్టుబడటానికి ఏళ్లు పడుతుంది, నీకు పుట్టుకతో వచ్చింది. తెలుగు మీడియం అని దిగులు పడుతున్నావే, గొలుసుకట్టు చదవగలగడం, శివాయి జమా అన్న మాట వినగానే అర్థం కావడం, ఆ యమ్మ దగ్గర కూర్చుని ఆమె మాటలోనే మాట్లాడటం, ఇదంతా నీ పెట్టుబడి.

ఇంగ్లీషు అక్కర్లేదని మాత్రం చెప్పను. పీహెచ్‌డీకి, వ్యాసాలకి కావాలి. నేను చేసింది ఏమిటంటే, రోజుకి నాలుగు పేజీలు ఇంగ్లీషులో చదివి, ఆ రచయిత వాదన ఏమిటో అర పేజీ తెలుగులో నా మాటల్లో రాసుకునేవాణ్ని. తెలుగులో రాయలేకపోతే నాకు అర్థం కాలేదని లెక్క, మళ్లీ చదివేవాణ్ని. రెండేళ్లలో తేలికైంది. ఇప్పటికీ నా ఆలోచన మొదట తెలుగులోనే రాస్తాను.

ఉద్యోగం సంగతి ఉన్నదున్నట్టు చెప్తా. నెట్ రాయాలి, అది కాలేజీ లెక్చరరు అర్హతకి పెట్టే జాతీయ పరీక్ష, ఏడాదికి రెండుసార్లు ఉంటుంది. జేఆర్‌ఎఫ్ (ఆ పరీక్షలో పైన వచ్చినవాళ్లకి పరిశోధన కోసం ఇచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకి 37,000, తర్వాత 42,000, ఇది 2023 జనవరి నుంచి ఉన్న లెక్క. జేఆర్‌ఎఫ్ ఉంటే ఇంట్లో వాళ్లని ఒప్పించడం తేలిక, ఎగ్మూరుకి, ఊళ్లకి తిరగడానికి చెయ్యి చాపక్కర్లేదు. అందుకే ముందు దాని మీద కూర్చో. పర్మనెంటు అసిస్టెంటు ప్రొఫెసరుకి మొదటి బేసిక్ 57,700. కానీ ఆ పర్మనెంటు అనేదే కష్టం. రాష్ట్ర యూనివర్సిటీల్లో ఖాళీలు ఏళ్ల తరబడి నిండవు, గెస్టు ఫ్యాకల్టీగా గంటల లెక్కన పాఠాలు చెప్పుకుంటూ నలభై దాటినవాళ్లు నాకు చాలామంది తెలుసు, మంచి పండితులు. నాకు థీసిస్ ఆరున్నరేళ్లు పట్టింది, పర్మనెంటు ఉద్యోగం ముప్పై ఏడో ఏట వచ్చింది. మధ్యలో ఇల్లు నడిచింది మా ఆవిడ టీచరు జీతంతో. ఈ మాట దాచి నీకు సలహా ఇస్తే అన్యాయం. ఆడపిల్లకి ఆ పదేళ్లలో పెళ్లి, పిల్లలు అనే ఒత్తిడి ఇంకా ఎక్కువ, అది నువ్వు నాకన్నా బాగా ఎరుగుదువు.

ఉద్యోగం వచ్చాక కూడా పరిశోధన మిగిలిన టైములోనే. వారానికి 16 గంటల పాఠాలు, పేపర్లు దిద్దడం, కమిటీలు, ఫైళ్లు. నా మంచి రాతంతా తెల్లవారుజామున నాలుగు నుంచి ఏడు లోపల రాసిందే. డబ్బు కడితే వెంటనే వేస్తామనే జర్నళ్ల జోలికి మాత్రం పోవద్దు, ఎవరు చెప్పినా సరే. నా మొదటి వ్యాసం ఒక మంచి పత్రిక ఏడాదిన్నర పెట్టుకుని తిప్పి పంపింది, వాళ్లు రాసిన అభ్యంతరాలు చదివి రెండు రోజులు అన్నం సరిగా తినలేదు, మూడో రోజు చూస్తే వాళ్లు చెప్పింది నిజమే, నేను జరగని ఊళ్ల గురించి ఒక్క మాటా రాయలేదు. తిరిగి రాశాను, ఇంకో పత్రికలో వచ్చింది. నేను ఈ విద్య నేర్చుకుంది ఆ ఉత్తరం దగ్గరే అనుకుంటాను.

గైడుని ఎంచుకునేటప్పుడు పేరు చూడకు. ఆయన దగ్గర పీహెచ్‌డీ పూర్తి చేసిన ఇద్దరు ముగ్గురికి ఫోన్ చేసి, చాప్టరు ఇస్తే ఎన్నాళ్లకి చదివి ఇస్తారని అడుగు, అదొక్కటి చాలు. హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీ, జేఎన్‌యూ, ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ సోషియాలజీ డిపార్ట్‌మెంటు, వీటికి తప్పకుండా అప్లై చెయ్యి. రాకపోతే తిరుపతిలోనో విశాఖలోనో చేరు, చిన్నతనం ఏమీ లేదు, మన ఊళ్లు మన దగ్గరే ఉన్నాయి.

బీఎడ్ గురించి ఇంట్లో వాళ్ల భయం తప్పు కాదు, వాళ్లు నీ అన్నం గురించి ఆలోచిస్తున్నారు. నాకు తోచింది ఇది: నాన్నగారిని రెండేళ్లు గడువు అడుగు, ఈ రెండేళ్లలో నెట్ నాలుగుసార్లు రాయొచ్చు. జేఆర్‌ఎఫ్ రాకపోతే బీఎడ్‌లో చేరు. టీచరు ఉద్యోగం చేసుకుంటూ పార్ట్‌టైం పీహెచ్‌డీ చేసినవాళ్లున్నారు, ఆలస్యమవుతుంది అంతే.

ఈ లోపల మీ అమ్మమ్మ పని ఆపకు, పెద్దావిడ ఉన్నప్పుడే చెయ్యాలి. ఈ సెలవుల్లో వింజమూరు వెళ్లు. మొదటి రోజు ఏమీ అడగొద్దు, పక్కన కూర్చుని చిక్కుళ్లు ఒలిచిపెట్టు. రెండో రోజు ఆమెని అడిగి, ఒప్పుకుంటేనే ఫోన్ రికార్డింగు పెట్టు, మొదట తేదీ, ఊరు నీ గొంతుతో చెప్పు. ఉద్యమం గురించి చివర అడుగు. ముందు అప్పుడు కూలి ఎంత, ఎవరి పొలంలోకి వెళ్లేవాళ్లు, రాత్రి బడి ఎవరింటి వసారాలో జరిగేది, పక్కన ఎవరెవరు కూర్చునేవాళ్లు, కొట్టు ఎవరు పాడేవాళ్లు, ఇవి అడుగు. ఆమె చెప్పిన మాట ఆమె చెప్పినట్టే రాయి, దిద్దొద్దు. తర్వాత ఆమెనే అడుగు, చుట్టుపక్కల ఏ ఊరివాళ్లు రాలేదమ్మమ్మా అని. ఆ ఊరి పేరు రాసుకుని, మర్నాడు పొద్దున్నే బస్సెక్కి అక్కడికి వెళ్లు.